410 మీటర్లు: ఫుట్‌పాత్ ఉంది, ర్యాంప్ ఉంది, మరి అమ్మమ్మ ఎందుకు చేరలేదు?

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక దూరం గురించి. 410 మీటర్లు. మా ఇంటి గేటు నుంచి మా వార్డు కమ్యూనిటీ హాల్ గేటు దాకా ఉన్న దూరం అది. బైక్ మీద అయితే నిమిషం కూడా పట్టదు. నడిస్తే ఐదారు నిమిషాలు.

ఆ హాల్లో కింద ఒక చిన్న రీడింగ్ రూమ్ ఉంది. నాలుగైదు పేపర్లు, రెండు బల్లలు, ఒక ఫ్యాన్. మా అమ్మమ్మ రోజూ పొద్దున తొమ్మిదింటికి అక్కడికి వెళ్లేది. పేపర్ చదవడం ఒక వంక. అసలు పని అక్కడి తన బ్యాచ్‌తో కబుర్లు. ఎవరి మనవరాలికి సంబంధం కుదిరింది, ఎవరికి షుగర్ ఎంత ఉంది, మొత్తం అప్‌డేట్స్ అక్కడే.

పోయినేడాది అమ్మమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది, ఇంట్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, బయటికి మాత్రం వీల్‌చెయిరే. ఒకరోజు నన్ను పిలిచి, "ఒరేయ్, ఎంతసేపని ఈ గోడలు చూస్తూ కూర్చుంటాను? నన్నొకసారి ఆ హాలు దగ్గరికి తీసుకెళ్లు" అంది.

నేను ఎగిరి గంతేశా. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా రోడ్డు పనులు పూర్తయ్యాయి. కొత్త ఫుట్‌పాత్, మధ్యలో పసుపు రంగు గీతల టైల్స్, హాలు ముందు ర్యాంప్, లోపల దివ్యాంగుల టాయిలెట్. పాత వ్యూయర్స్‌కి గుర్తుండే ఉంటుంది, నేను దాని మీద ఒక రీల్ కూడా పెట్టా. "మా ఏరియా మారిపోయింది గురూ" అని డ్రోన్ షాట్ వేసి మరీ పెట్టా. ఇప్పుడు దాన్ని డిలీట్ చేయలేదు, కింద ఈ వీడియో లింక్ పిన్ చేశా. నేను చూడకుండా చెప్పిన మాట కూడా రికార్డులో ఉండాలి కదా.

సరే, బయల్దేరాం. ఐదు నిమిషాల దారికి నలభై నిమిషాలు పట్టింది. అయినా లోపలికి వెళ్లలేదు. ర్యాంప్ దగ్గర నుంచి వెనక్కి వచ్చేశాం. అమ్మమ్మ "పోనీలేరా, ఇంకోసారి వద్దాం" అంది. ఆ తర్వాత రెండు నెలలు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇది నన్ను బాగా కుదిపేసింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. అడగడం మానేసింది.

ఊరి పేరు, కాలనీ పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు కామెంట్లలో గొడవపడతారు, మిగతావాళ్లు "అబ్బే, మా ఊరు కాదులే" అని స్క్రోల్ చేసేస్తారు. నిజం ఏంటంటే మీ ఊరూ ఇంతే.

ఎక్కడెక్కడ ఆగాం?

మర్నాడు ఒక టేప్ తీసుకుని, ఫోన్‌లో లెవెల్ యాప్ వేసుకుని, ఆ 410 మీటర్లూ ఒక్కడినే నడిచా. ఆగిన చోటల్లా ఫోటో తీసి, కొలత రాసుకున్నా.

మొదటి అడ్డం ఎక్కడ ఉందో తెలుసా? మా సొంత గేటు దగ్గర. కారు లోపలికి ఎక్కాలని నాన్న కట్టించిన సిమెంట్ వాలు ఫుట్‌పాత్‌ని మొత్తం కోసేసుకుని రోడ్డు మీదికి దిగుతోంది. నడిచేవాళ్లకి అక్కడ ఫుట్‌పాత్ లేదు, ఒక పక్కకి వాలిపోయిన జారుడుబల్ల ఉంది. మాదే కాదు, దారిలో ఇలాంటి గేట్లు 19 ఉన్నాయి. అంటే దిగు, ఎక్కు, దిగు, ఎక్కు. ఇలా 19 సార్లు.

రెండోది ట్రాన్స్‌ఫార్మర్. ఫుట్‌పాత్ మధ్యలో దిమ్మె, చుట్టూ కంచె. పక్కన మిగిలిన సందు 55 సెంటీమీటర్లు. అమ్మమ్మ వీల్‌చెయిర్ వెడల్పు 66. లెక్క అక్కడే అయిపోయింది.

మూడోది మలుపు దగ్గర. బైకులు ఫుట్‌పాత్ ఎక్కకుండా ఇనుప స్తంభాలు పాతారు. మంచి ఉద్దేశమే. కానీ స్తంభానికీ స్తంభానికీ మధ్య 60 సెంటీమీటర్లే. బైక్ హ్యాండిల్ కాస్త వంచితే దూరిపోతుంది, వీల్‌చెయిర్ మాత్రం దూరదు! ఆపాల్సినవాళ్లు ఆగలేదు, ఆపకూడని మనిషి ఆగిపోయింది.

నాలుగోది రోడ్డు దాటే చోట. అక్కడ ఫుట్‌పాత్‌ని రోడ్డుకి దించుతూ వాలు కట్టారు. కానీ కింద, వాలు రోడ్డుని తాకే దగ్గర 6 సెంటీమీటర్ల మెట్టు మిగిలిపోయింది. కాంక్రీట్ వేసినప్పుడు సరిగ్గానే ఉండి ఉంటుంది. రోడ్డు లెవెల్‌కీ దానికీ పొత్తు కుదరలేదు, అంతే. 6 సెంటీమీటర్లంటే మనకి కనపడను కూడా కనపడదు. కానీ వీల్‌చెయిర్ ముందు చక్రాలు చిన్నవి. టక్కున తగిలి ఆగిపోతాయి, కూర్చున్న మనిషి ముందుకి తూలిపోతుంది. అమ్మమ్మ అక్కడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు పడ్డాయి.

ఐదోది ఆ ఫేమస్ ర్యాంప్. హాలుకి మూడు మెట్లు, మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు. ర్యాంప్ పొడవు రెండున్నర మీటర్లు. ఇందులో తప్పేంటో ఒక్క నిమిషంలో చెబుతా.

ఆరోది నేను విడిగా వెళ్లి చూశాక తెలిసింది. దివ్యాంగుల టాయిలెట్‌కి తాళం. లోపల ఏముంది? ఫంక్షన్లకి వాడే ప్లాస్టిక్ కుర్చీలు.

ఆ నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీలో చాలామంది అనుకుంటారు, మన దేశంలో రూల్సే లేవు అని. ఉన్నాయి బాస్, శుభ్రంగా ఉన్నాయి. రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ కోడ్‌లు రాస్తుంది. నడిచేవాళ్ల కోసం రాసిన దాని నంబర్ ఐఆర్‌సీ 103. దాని ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డమూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. చెట్లు, స్తంభాలు, బెంచీలు, కరెంటు పెట్టెలు దాని పక్కన వేరే వరసలో ఉండాలి. అంటే ఫుట్‌పాత్ వెడల్పు 1.8 అయితే చాలదు, ఖాళీగా 1.8 ఉండాలి. ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన దగ్గర కొన్ని ఫుట్‌పాత్‌లు అడుగు పైన ఉంటాయి, పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. మనమేమో "ఫుట్‌పాత్ వేస్తే కూడా వాడరు ఈ జనం" అని తిట్టుకుంటాం.

ఇక ర్యాంప్. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో వాలు 1:12. అంటే ఒక సెంటీమీటర్ ఎత్తు ఎక్కాలంటే పన్నెండు సెంటీమీటర్ల పొడవు కావాలి. మా హాలు ఎత్తు 45. పన్నెండుతో గుణించండి. 540 సెంటీమీటర్లు, అంటే 5.4 మీటర్లు. కట్టింది 2.5. మరి ఎక్కుతున్నప్పుడు ఏమవుతుంది? మనిషీ కుర్చీ కలిపి 70 కిలోలు అనుకుందాం. 1:12 వాలు మీద తోసేవాడికి దాదాపు 6 కిలోల బరువు పడుతుంది. మా ర్యాంప్ మీద పన్నెండున్నర కిలోలు. రెట్టింపు కన్నా ఎక్కువ. నేనే రొప్పుతూ ఆగిపోయా, తన కుర్చీ తానే తిప్పుకునే మనిషి సంగతి చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు ఇంకా భయం, కుర్చీ చేతిలోంచి జారిపోతుందేమో అని.

పసుపు టైల్స్ గురించి కూడా చెప్పుకోవాలి. చాలామంది అది డిజైన్ అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నా. అది చూపు లేనివాళ్లు కాలితో, కర్రతో చదువుకునే భాష. పొడవాటి గీతలుంటే "ముందుకి వెళ్లు" అని అర్థం. గుండ్రటి చుక్కలుంటే "ఆగు, ముందు ఏదో ఉంది" అని. దీన్ని కనిపెట్టింది జపాన్‌కి చెందిన సెయిచి మియాకే, 1965లో. 1967 మార్చి 18న ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలో కూడా ఉన్నాయి. మా రోడ్డు మీద ఈ గీతల టైల్స్ తిన్నగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ కంచెకి తగులుతాయి. ముందు చుక్కల టైల్ ఒక్కటి కూడా లేదు. అంటే చూపు లేని మనిషికి "ధైర్యంగా వెళ్లు, వెళ్లు" అని చెప్పి తీసుకెళ్లి కరెంటు కంచెకి గుద్దించే ఏర్పాటు అన్నమాట.

మరి ఎవరూ తప్పు చేయకుండానే తప్పెలా జరిగింది?

ఇదే ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఒక యాప్‌లో లాగిన్ పని చేస్తోంది, కార్ట్ పని చేస్తోంది, పేమెంట్ పని చేస్తోంది. విడివిడిగా టెస్ట్ చేస్తే అన్నీ పాస్. కలిపి నడిపితే ఆర్డర్ వెళ్లదు. మా రోడ్డూ అంతే. ఫుట్‌పాత్ పాస్. స్తంభాలు పాస్. ర్యాంప్ ఉంది, పాస్. టాయిలెట్ ఉంది, పాస్. ఇంటి నుంచి హాలు దాకా ఒక మనిషి వెళ్లగలదా? ఆ టెస్ట్ ఎవరూ నడపలేదు. ఆ టెస్ట్ నడపడం ఎవరి ఉద్యోగమూ కాదు.

మున్సిపల్ పని ఎలా జరుగుతుందో చెబుతా, చాలా సింపుల్. ముందు ఎస్టిమేట్ తయారవుతుంది. అందులో ఐటమ్స్ ఉంటాయి. తవ్వకం ఇన్ని క్యూబిక్ మీటర్లు, కాంక్రీట్ ఇంత, టైల్స్ ఇన్ని చదరపు మీటర్లు, అంచు రాయి ఇన్ని రన్నింగ్ మీటర్లు. దానికి మంజూరు వస్తుంది, టెండర్ పిలుస్తారు, కాంట్రాక్టర్‌కి వర్క్ ఆర్డర్ ఇస్తారు. పని అయ్యాక ఇంజినీర్ వచ్చి కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో రాస్తారు. ఆఫీసులో అందరూ ఎం-బుక్ అంటారు. ఎం-బుక్‌లో ఎక్కిందే పని, ఎక్కినదానికే బిల్లు.

ఇప్పుడు ఆలోచించండి. ఎం-బుక్‌లో చదరపు మీటర్లు ఉన్నాయి. "మనిషి చేరింది" అనే ఐటమ్ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ముందు దాకా టైల్స్ వేస్తే దానికి బిల్లు వస్తుంది, దాటాక మళ్లీ మొదలుపెడితే దానికీ బిల్లు వస్తుంది. మధ్యలో తెగిన నాలుగు మీటర్లకి బిల్లు రాదు, ఎవరికీ నష్టమూ లేదు. నడిచేవాళ్లకి మాత్రం ఆ నాలుగు మీటర్లు తెగితే మిగతా 406 మీటర్లు ఉన్నా లేనట్టే. వంతెనలో ఒక్క స్పాన్ లేకపోతే "99 శాతం వంతెన పూర్తయింది" అని ఎవరైనా అంటారా?

పైగా ఒక్క రోడ్డుకి యజమానులు ఎందరో. కరెంటు ఒక డిపార్ట్‌మెంట్, నీళ్లు ఒకటి, డ్రైనేజీ ఒకటి, కేబుల్ వేసే కంపెనీలు వేరే. ఒకరు వేసి వెళ్లగానే ఇంకొకరు తవ్వుతారు. అందుకే అతుకుల దగ్గరే అన్నీ చెడిపోతాయి.

దీనికి మందు లేదా అంటే ఉంది. బెంగళూరులో టెండర్‌ష్యూర్ అని ఒక పద్ధతిలో కొన్ని రోడ్లు చేశారు. రెసిడెన్సీ రోడ్, విఠల్ మాల్యా రోడ్ వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. అందులో ఐడియా ఏంటంటే, ముందే అన్ని డిపార్ట్‌మెంట్లనీ ఒక డ్రాయింగ్ మీద కూర్చోబెట్టడం. కేబుళ్లు, పైపులు ఫుట్‌పాత్ కింద వరసగా పెట్టి, మధ్యమధ్యలో తెరిచే మూతలు ఇస్తే, రేపు రిపేర్ వచ్చినా రోడ్డు తవ్వక్కర్లేదు. ఖర్చు ఎక్కువని విమర్శలు వచ్చాయి, ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ ప్రతి ఏడాదీ తవ్వి పూడ్చే ఖర్చు కూడా ఆ లెక్కలో కలపాలి కదా. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడక, సైకిల్ కోసం ప్రత్యేక పాలసీ తెచ్చింది. షాపింగ్‌కి టీ నగర్ వెళ్లే మన నెల్లూరు, తిరుపతి వాళ్లకి పాండీ బజార్ బాగా తెలుసు. 2019లో అక్కడ రోడ్డుని సన్నం చేసి నడకదారిని వెడల్పు చేశారు. మనవల్ల కాదు అనే మాటకి ఈ రెండూ జవాబు.

ఇది ఎంతమంది గోల?

"బ్రో, వీల్‌చెయిర్‌లో ఎంతమంది వెళ్తారు?" ఈ కామెంట్ వస్తుందని నాకు తెలుసు. ముందు అంకెలు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. వాళ్లు రోడ్డు మీద కనపడట్లేదంటే లేరని కాదు, రాలేకపోతున్నారని.

రెండో అంకె ఇంకా కష్టంగా ఉంటుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. సగటున రోజుకి 90 మంది. ఫుట్‌పాత్ తెగిన ప్రతి చోటా మనిషి దిగేది ఆ రోడ్డు మీదికే.

మూడో విషయం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊళ్లో 1940ల్లోనే ఫుట్‌పాత్ మూలల్ని వాలుగా దించారు, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల కోసం. తర్వాత 1970ల్లో బర్క్‌లీలో వైకల్యం ఉన్న విద్యార్థులు పోరాడి ఊరంతా అలాంటి వాలులు సాధించుకున్నారు. కట్టాక తేలింది ఏంటంటే, అవి వాళ్లకే కాదు, అందరికీ పనికొచ్చాయి. పిల్లల బండి తోసే తల్లి, సూట్‌కేస్ లాగే ప్రయాణికుడు, సరుకుల ట్రాలీ తోసే కుర్రాడు. మా వీధిలో చూడండి, గ్యాస్ సిలిండర్లు దించే అన్న, నిండు గర్భిణి అయిన పక్కింటి అక్క, కాలు బెణికిన మా తమ్ముడు. అంతా ఆ వాలు మీదే.

ఇది దయ కూడా కాదు, చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కానీ దాని కింద రాసిన ప్రమాణాలు చాలావరకు సలహాల్లాగే మిగిలాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతే తేల్చింది. సలహాలు సరిపోవు, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నియమాలు విడిగా రాయండి అని కేంద్రానికి చెప్పింది. 2025 మే నెలలో ఇంకో కేసులో, మంచి ఫుట్‌పాత్ వాడుకోవడం ఆర్టికల్ 21 కింద వచ్చే హక్కులో భాగమని చెప్పింది. ఆర్టికల్ 21 అంటే బతికే హక్కు. అంటే నా 410 మీటర్లు రాజ్యాంగంలో ఉన్నాయి.

ఇప్పుడు నా తప్పు

ఇంతసేపూ మున్సిపాలిటీని అన్నా కదా, ఇప్పుడు నన్ను అనుకుంటా. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక యాప్ టీంలో చేసేవాణ్ని. చూపు లేని ఒక యూజర్ కంప్లైంట్ పెట్టారు. "పేమెంట్ బటన్ దగ్గర స్క్రీన్ రీడర్ 'బటన్, బటన్' అని మాత్రమే చదువుతోంది, ఏ బటనో తెలియట్లేదు" అని. ఆ టికెట్ నా దగ్గరికి వచ్చింది. చేస్తే అరగంట పని. నేను దానికి లో ప్రయారిటీ పెట్టి పక్కన పడేశా. రిలీజ్ ఉంది, టైం లేదు, ఎంతమంది వాడతారులే అని. తర్వాత ఉద్యోగం మానేశా. ఆ టికెట్ ఏమైందో కూడా చూడలేదు. అమ్మమ్మ ర్యాంప్ కింద ఆగిపోయిన రోజు నాకు ఆ టికెట్ గుర్తొచ్చింది. ఆ యూజర్ కూడా రెండోసారి అడగలేదు.

ఏం చేశాం, ఏం అయ్యింది

ముందు ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టా. "ఫుట్‌పాత్ బాగాలేదు, చర్య తీసుకోండి." నాలుగు రోజుల్లో మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడింది అని. ఏదీ మారలేదు. అప్పుడు కోపంగా వార్డు ఇంజినీర్ దగ్గరికి వెళ్లా. ఆవిడ నా మాటంతా విని, "బాబూ, బాగాలేదు అని రాస్తే నేనేం చెయ్యను చెప్పు? ఎక్కడ, ఎంత, ఏం కావాలి, అది రాయి. అప్పుడు నేను ఎస్టిమేట్‌లో పెట్టగలను" అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ గురించి అడిగితే, "అది కరెంటోళ్లది. జరపాలంటే వాళ్లకి డబ్బు కట్టాలి, నా పనిలో ఆ ఐటమే లేదు" అన్నారు. నాకు కోపం దిగిపోయింది. అచ్చం నేను టెస్టర్లతో మాట్లాడినట్టే మాట్లాడారు! "ఇట్ ఈజ్ నాట్ వర్కింగ్" అని బగ్ రాస్తే నేను కూడా క్లోజ్ చేసేవాణ్ని.

ఇంటికొచ్చి ఒక పేజీ రాశా. ఆరు పాయింట్లు. ప్రతిదానికీ ఫోటో, పక్కన టేప్, ఉన్న కొలత, ఉండాల్సిన కొలత, ఎవరి డిపార్ట్‌మెంట్. కాలనీలో 31 మందితో సంతకాలు పెట్టించా. మొదటి సంతకం అమ్మమ్మది.

దానికన్నా ముందు మా గేటు పగలగొట్టాలి కదా. నాన్న ఒప్పుకోలేదు. "కారు అడుగు తగులుతుందిరా" అన్నారు. మేస్త్రీని పిలిపించాం. ఆయన చూసి, వాలుని ఫుట్‌పాత్ మీద కాకుండా గేటు లోపలికి జరపొచ్చు సార్, రెండు రోజుల పని అన్నాడు. అమ్మమ్మ లోపలి నుంచి, "కారుకి దారి కావాలి గానీ నాకు అక్కర్లేదా అల్లుడూ?" అంది. నాన్న ఇంకేం మాట్లాడలేదు. మాది చూసి ఇంకో ఏడుగురు మార్చారు. 19లో ఇప్పటికి ఎనిమిది. మిగతావి అడుగుతూనే ఉన్నా.

స్తంభం ఒకటి వారంలో తీసేశారు, ఇప్పుడు సందు మీటరు పైనే ఉంది. 6 సెంటీమీటర్ల మెట్టు కాంట్రాక్టర్ ఉచితంగా సరిచేశాడు. ఎందుకంటే పని అయ్యాక కొంతకాలం లోపాలు కాంట్రాక్టరే బాగుచేయాలని టెండర్‌లో రాసి ఉంటుంది. దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు. ఎంతకాలం అనేది పనిని బట్టి మారుతుంది. మీ వీధి పనికి అది ఇంకా నడుస్తోందో లేదో అడగండి, చాలామంది అడగరు. టాయిలెట్ తాళం తీశారు, కుర్చీలు స్టేజీ వెనక్కి వెళ్లాయి. ర్యాంప్‌కి కొత్త ఎస్టిమేట్ పడింది, నాలుగు నెలలకి పని అయ్యింది. మధ్యలో మలుపు తిరిగే ర్యాంప్, రెండు వైపులా పట్టుకునే కడ్డీ. టేప్ పెట్టి కొలిచా, 5.6 మీటర్లు ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అక్కడే ఉంది.

మీరు చేయగలిగింది

పెద్ద ఉద్యమం అక్కర్లేదు. మీ ఇంటి నుంచి ఒక చోటు ఎంచుకోండి. బస్టాప్, రేషన్ షాప్, పార్క్, లైబ్రరీ, పీహెచ్‌సీ, ఏదైనా. ఆ ఒక్క దారి మొదటి నుంచి చివరి దాకా కొలవండి. టేప్, ఫోన్ చాలు. లెవెల్ యాప్‌లో ర్యాంప్ వాలు 5 డిగ్రీల లోపు ఉందా చూడండి. 1:12 అంటే దాదాపు 4.8 డిగ్రీలు. వీలైతే వీల్‌చెయిర్ వాడే మనిషితో, చూపు లేని మనిషితో కలిసి వెళ్లండి. మీకు కనపడనివి వాళ్లు పది నిమిషాల్లో చెబుతారు.

తర్వాత తగాదా కాదు, జాబితా ఇవ్వండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మున్సిపల్ కార్పొరేషన్‌కి ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎస్టిమేట్, ఎం-బుక్ కాపీలు అడగొచ్చు. చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ ధృవీకరించి తీసుకునే హక్కు కూడా మీకు ఉంది.

ఇంకొక్క మాట. దారి ఖాళీ చేయాలి అనగానే ముందు తోపుడుబండ్ల మీద పడకండి. మా మూల మీద ఇడ్లీ బండి అక్కని రెండడుగులు పక్కకి జరగమంటే నవ్వుతూ జరిగింది. గేట్లు జరపడానికే నెలలు పట్టింది. వీధి వ్యాపారులకి 2014 నుంచి సొంత చట్టం ఉంది, వాళ్ల చోటు కూడా ఆ డ్రాయింగ్‌లో ఉండాలి.

ఇప్పుడు అమ్మమ్మ వారానికి మూడు రోజులు హాలుకి వెళ్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం రోడ్డు మీదికి దిగాల్సిందే. పన్నెండు మీటర్లు. అక్కడ నేను బండ్లు వచ్చే వైపు ఒక చెయ్యి చాపి పట్టుకుని తోస్తా. నేను ఊళ్లో లేని రోజు ఇడ్లీ బండి అక్క ఆ పన్నెండు మీటర్లు దాటిస్తుంది. జరపడానికి ఫైల్ కదిలింది అంటున్నారు. కదిలితే ఇక్కడే చెబుతా.

నిన్న తిరిగొస్తుంటే అమ్మమ్మ, "రేపు పది నిమిషాలు ముందే బయల్దేరదాంరా, ఆలస్యమైతే నా పేపర్ ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అంది. మళ్లీ అడగడం మొదలుపెట్టింది.

మీరు ఏ దారి కొలిచారో, ఎక్కడ ఆగారో కామెంట్‌లో రాయండి. కొలతతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.